వరండా చివరి విదేశం

నీలగుమ్మి డిగ్రీ కాలేజీలో విదేశం పడమటి వరండా చివర, సైకిల్ షెడ్డుకు ఎదురుగా ఉంటుంది. మొన్న జూలై దాకా దాన్ని అందరూ కంప్యూటర్ ల్యాబ్ అనేవారు. ఇరవై రెండు కంప్యూటర్లు, అందులో పదిహేడు పనిచేసేవి. రెండు ఏసీలు, అందులో ఒకటి పనిచేసేది. జూలై నెలలో పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. ఆ రోజు నుంచి ఆ గది దేశం దాటిపోయింది.

ఉత్తరువులో ఇలా ఉంది: "ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదువు విద్యార్థులను ప్రపంచస్థాయి ఉద్యోగములకు, ఉన్నత విద్యకు సన్నద్ధము చేయుటలో భాగముగా, ప్రతి కళాశాల ఈ విద్యా సంవత్సరము ముగియులోగా నూటికి అరవై మందికి తగ్గకుండా విదేశానుభవము కల్పించవలెను. కల్పించని కళాశాలలలో కోర్సు రద్దగును. ఇందులకై అదనపు నిధులు కోరరాదు."

ప్రిన్సిపాల్ పట్నాయకుని సర్వేశ్వరరావుగారు దీన్ని స్టాఫ్ మీటింగులో రెండుసార్లు చదివి వినిపించారు. రెండోసారి చదువుతున్నప్పుడే ఆయన ముఖంలో వెలుగు వచ్చింది.

"అరవై శాతం మందిని విదేశానికి పంపడం మన శక్తికి మించిన పని," అన్నారాయన. "కాని విదేశాన్నే అరవై శాతం మంది దగ్గరికి తెప్పించడంలో ఇబ్బందేముంది? మన ల్యాబే చూడండి. లోపల చల్లగా ఉంటుంది. కనబడేదంతా ఇంగ్లీషు. మన పిల్లలకి అంత సులువుగా ప్రవేశం దొరకదు. విదేశానికి ఇంతకు మించిన లక్షణాలేం కావాలి?"

ఎవరూ కాదనలేదు. అది ఏ దేశం అన్న దగ్గర మాత్రం గంటన్నర గొడవ జరిగింది. చరిత్ర లెక్చరర్ ఒక దేశమన్నారు, కామర్స్ లెక్చరర్ ఇంకో దేశమన్నారు. ఆ రెండు దేశాలకూ పడదని మూడో ఆయన గుర్తుచేశారు. చివరికి ఏ దేశమూ నొచ్చుకోకుండా దానికి "సాధారణ విదేశం" అని పేరు పెట్టి తీర్మానం రాశారు.

మర్నాడు ల్యాబు గుమ్మానికి నాలుగడుగుల ముందు పసుపు గీత గీశారు. గీతకు ఇవతల స్వదేశం, అవతల విదేశం. కాలేజీలో ఊడ్చే అసిరమ్మ చీపురు పట్టుకుని వచ్చి గీత దగ్గర ఆగింది.

"ఈ గీత అవతల నాను ఊడవాలా, వొద్దా బాబూ?"

ప్రిన్సిపాల్‌గారు గీతకు రెండు పక్కలా చూశారు. "అటూ ఊడువు, ఇటూ ఊడువు. గీత మీద మాత్రం ఊడవకు. అది అంతర్జాతీయం."

ఈ మార్పు వల్ల అందరికన్నా ఎక్కువ దిగులు పడిన పిల్ల గౌరీశ్వరి. మూడో సంవత్సరం చదువుతోంది. హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అనేది కాని, ఆ మాట రెండో బెంచీ దాకా కూడా వెళ్లేది కాదు. అందుకని క్లాసులో కూర్చుని ఉండగానే ఆమెకు చాలాసార్లు ఆబ్సెంట్ పడింది. నోటితో చెప్పలేనివన్నీ ఆమె కంప్యూటర్‌తో చెప్పేది. వాళ్ల ఊరు బొడ్డవలసలో నూట పద్నాలుగు మంది పసిపిల్లలున్నారు. ఎవరికి ఏ టీకా ఎప్పుడు వేయించాలో నర్సమ్మ మూడు పుస్తకాల్లో రాసుకుని మూడిటిలోనూ వెతుక్కునేది. ఆ పట్టికంతా కంప్యూటర్‌లో పెట్టి, ఏ వారం ఎవరి వంతో అదే చెప్పేలా చెయ్యాలన్నది గౌరీశ్వరి ప్రాజెక్టు. సగం అయింది. ఆ సగం ల్యాబులో తొమ్మిదో నంబరు కంప్యూటర్‌లో ఉంది. అంటే ఇప్పుడు విదేశంలో ఉంది.

ఫిబ్రవరిలో ప్రాక్టికల్ పరీక్ష. ప్రాజెక్టు నడిపి చూపిస్తేనే పాసు. ఇంట్లో వాళ్లయ్య ఒకే మాట చెప్పాడు: "పాసైతే సదువు. తప్పితే జీడిపిక్కల కార్ఖానా." ఒట్టి బెదిరింపు కాదు. మేస్త్రీతో మాట్లాడి ఆమెకు పీట కూడా ఖాయం చేసి ఉంచాడు.

విదేశానికి వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలి. పాత హాజరు పుస్తకాల అట్టలు కోసి, నీలం కాగితం అంటించి అందరికీ ఇచ్చారు. వీసా మాత్రం లైబ్రరీలో ఇచ్చేవారు. వీసా అధికారి లైబ్రేరియన్ కామేశంగారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క పుస్తకాన్నైనా బయటికి వెళ్లనివ్వని మనిషి. ఆ అనుభవం చూసే ప్రిన్సిపాల్‌గారు ఆయన్ని నియమించారు.

గౌరీశ్వరి వంతు వచ్చింది.

"దరఖాస్తుదారు ప్రయాణోద్దేశం?" అన్నారు కామేశంగారు తలెత్తకుండా.

"ప్రాజెక్టు పూర్తిచెయ్యాలండి."

"గట్టిగా."

"ప్రాజెక్టండి."

"ఎంతకాలం ఉండదలిచారు?"

"అయ్యేదాకా అండి."

కామేశంగారి కలం ఆగింది. కళ్లజోడు మీంచి ఆమెను చూశారు. "అయ్యేదాకా. అంటే గడువు లేదన్నమాట. లోపల పని బాగుందనిపిస్తే ఏం చేస్తావు?"

"ఇంకా చేస్తానండి."

"తిరిగి వరండాకి వస్తావని హామీ ఏమిటి? వరండాలో నీకేమైనా ఆస్తిపాస్తులున్నాయా?"

గౌరీశ్వరి నిజాయితీగా ఆలోచించింది. వరండాలో ఆమెకు ఉన్నది ఒక జత చెప్పులు. అదే చెప్పింది.

"చెప్పుల జత బలమైన బంధంగా పరిగణింపబడదు," అంటూ కామేశంగారు కాగితం మీద రాశారు: "దరఖాస్తుదారుకు కంప్యూటర్లపై మితిమీరిన ఆసక్తి కలదు. లోపలే స్థిరపడు ప్రమాదము కలదు. తిరస్కరించడమైనది."

వెనకే అదే క్లాసు పిల్ల హేమసుందరి వచ్చింది.

"ఎందుకు వెళ్తున్నావు?"

"అందరూ ఎల్తన్నారు గదండీ."

"లోపల ఏం చేస్తావు?"

"ఏటీ సెయ్యనండి."

కామేశంగారు మెచ్చుకోలుగా తలూపి వీసా ముద్ర గుద్దారు.

ఇలా వీసాలు దొరికినవాళ్లు అరవై రెండు మంది. వాళ్ల ప్రయాణాలు వెంటనే మొదలయ్యాయి. ల్యాబు పీరియడు గంటసేపు. అందులో ఇరవై నిమిషాలు గీత దగ్గర పాస్‌పోర్టుల తనిఖీకి పోయేవి. పది నిమిషాలు సంచుల తనిఖీకి పోయేవి. ఎండుచేపల కూర ఉన్న క్యారేజీలన్నీ విదేశీ వాతావరణ రక్షణ కింద ఇవతలే ఆపేసేవారు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు నాగరికత శిక్షణ. విదేశాల్లో ఏ మాటైనా వాతావరణంతో మొదలుపెట్టాలి కాబట్టి పిల్లలు ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి వాతావరణం గురించి పలకరించుకోవాలి. లోపల ఏసీ ఎప్పుడూ ఇరవై నాలుగు మీదే ఉండటం వల్ల సంభాషణ అట్టే సాగేది కాదు. మిగిలిన పది నిమిషాల్లో కంప్యూటర్ తెరుచుకోవడానికి తొమ్మిది నిమిషాలు పట్టేది. చివరి నిమిషంలో దాని పక్కన నిలబడి ఫోటో దిగి వచ్చేసేవారు.

వచ్చాక మాత్రం మునుపటి మనుషుల్లా ఉండేవారు కాదు.

"అబ్బ, ఇక్కడ ఈ ఉక్కేటే బాబూ!" అనేది హేమసుందరి వరండాలో పుస్తకంతో విసురుకుంటూ. "అక్కడ ఇలగుండదు. ఈగన్నది అగుపడదు. ఎవల పని ఆళ్లది."

"నువ్వు ఏటి సేసినావే అక్కడ?" అని ఎవరో అడిగారు.

"ఎల్లినోళ్లకి తెలుస్తాది. నీకు సెప్పినా అర్థమవదు."

గౌరీశ్వరి రెండోసారి దరఖాస్తు పెట్టింది. మూడోసారీ పెట్టింది. మూడు దరఖాస్తులు పెట్టిందంటే ఆసక్తి మూడింతలైనట్టేనని కామేశంగారు రాశారు. చివరికి ఆమె ధైర్యం చేసి ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్లింది. తలుపు దగ్గర నిలబడి పావుగంట పాటు "సార్" అంది. పదహారో నిమిషంలో ఆయనకు వినబడింది.

"చూడమ్మాయీ, విదేశీ వ్యవహారాల్లో నేను జోక్యం చేసుకోను," అన్నారాయన అంతా విని. "ఆ మాటకొస్తే నువ్వు అదృష్టవంతురాలివి. వీసా దొరకనివాళ్లు ప్రపంచంలో కోట్లమంది. నీకు దొరికింది అసలైన అంతర్జాతీయ అనుభవం. లోపలికి వెళ్లినవాళ్లకి అది లేదు."

"మరి పరీక్ష సార్?"

"పరీక్ష విదేశంలోనే. దానికి వేరే పరీక్ష వీసా ఉంది. ప్రాజెక్టు పూర్తయినట్టు రుజువు జతచేస్తే ఇచ్చేస్తారు."

"ప్రాజెక్టు లోపలుంది సార్."

"పూర్తిచేసి తీసుకురా. ఇచ్చేస్తారు," అన్నారాయన ఎంతో దయగా.

వాళ్ల ఊరి నుంచి మొదటి బస్సు ఎనిమిది గంటలకే కాలేజీ దగ్గర దింపుతుంది. ఆ వేళకి కాలేజీలో అసిరమ్మ తప్ప ఎవరూ ఉండరు. గౌరీశ్వరి వరండాలో పసుపు గీతకు ఇవతల కూర్చుని, గుమ్మంలోంచి తొమ్మిదో నంబరు కంప్యూటర్ వంక చూస్తూ ఉండేది. నాలుగు రోజులు చూసి అసిరమ్మ అడిగింది.

"ఓలే గుంటా, రోజూ ఆ గీత కాడ కూకుని ఏటి సూస్తన్నావు?"

"లోపల నా పనుంది పిన్నీ."

"ఉంటే ఎల్లి సేసుకో."

"వీసా నేదు."

"నాకుందేటి? రోజూ రెండు పూటలా ఎల్లొస్తన్నాను. ఇంతవరకూ నన్ను ఎవులూ అడగనేదు."

"ఎందుకడగరు?"

"సేతిలో సీపురుంటే మనిసి అగుపడదే తల్లీ." అసిరమ్మ మూలనున్న రెండో చీపురు తీసి ఆమెకు ఇచ్చింది. "ఇదట్టుకుని నా ఎనక రా. ఊరికే రాకు. ఆ కిటికీ ఏపు నువ్వు ఊడువు, ఈ ఏపు నానూడుస్తాను."

అలా గౌరీశ్వరి విదేశంలో అడుగుపెట్టింది. కిటికీ వైపు నాలుగు వరసలూ శుభ్రంగా ఊడ్చేది. బల్లల కింద బబుల్‌గమ్ముతో సహా గీకేది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చునేది. గుమాస్తాలు వచ్చే వేళకి చీపురుతో బయటికి వచ్చేసేది. వాళ్లలో ఇద్దరు ఎదురుపడ్డారు కూడా. ఒకాయన "ఇక్కడ ఇంకొంచెం ఊడువు" అని చూపించి వెళ్లిపోయాడు.

పదకొండో రోజు ప్రాజెక్టు పూర్తయింది. మీట నొక్కగానే వచ్చే బుధవారం టీకా వేయించుకోవాల్సిన పిల్లల పేర్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. గౌరీశ్వరి గట్టిగా నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినబడింది.

"ఇందులో నా మనవరాలు ఉందేటే?" అంది అసిరమ్మ తెర దగ్గరికి వంగి.

"మీది మా ఊరు కాదు గదా పిన్నీ."

"కాకపోతే సూదీ మందూ వొద్దేటి దానికి?"

గౌరీశ్వరి ఆ పిల్ల పేరూ పుట్టిన తేదీ అడిగి నూట పదిహేనో పేరుగా చేర్చింది.

పూర్తయిందన్న రుజువు అచ్చువేసి తీసుకువస్తే పరీక్ష వీసా వస్తుంది. అదే చేసింది. అక్కడే దొరికిపోయింది.

"పూర్తయిందా!" అన్నారు కామేశంగారు ఆ కాగితం పట్టుకుని. "లోపలికి వెళ్లకుండా లోపలున్నది ఎలా పూర్తయింది?"

ఆయన కంప్యూటర్లలో వాడకం వివరాలు తీయించారు. అరవై రెండు మంది, తలకొక నిమిషం, మొత్తం గంటా రెండు నిమిషాలు. తొమ్మిదో నంబరు ఒక్కదానిలోనే పదకొండు గంటలు. విచారణ జరిగింది. గౌరీశ్వరికి అబద్ధం చెప్పడం రాదు, వచ్చినా గట్టిగా చెప్పలేదు. జరిగింది చెప్పింది.

"దీన్ని లోపలికి తీసుకెళ్లింది నానే బాబూ. నన్నూ ఏటో ఒకటి అనండి," అంది అసిరమ్మ.

"నువ్వు ఊడవడానికి వెళ్లావు. అది ప్రయాణం కిందకి రాదు. నువ్వు ఈ విచారణలో లేవు," అన్నారు కామేశంగారు.

ఆ శుక్రవారం గౌరీశ్వరిని విదేశం నుంచి బహిష్కరించారు. ల్యాబు గుమ్మం నుంచి పసుపు గీత దాకా నాలుగడుగులు ఇద్దరు లెక్చరర్లు చెరో పక్కా నడిపించారు. పాస్‌పోర్టు మీదా, విదేశానుభవ రిజిస్టరులోనూ ఎర్రముద్ర పడింది: "అక్రమ ప్రవేశము. పదకొండు గంటల విదేశ నివాసము. అయిదేండ్లు ప్రవేశ నిషేధము." సోమవారం పరీక్ష. వాళ్లయ్య మంగళవారం నుంచి కార్ఖానాకి వస్తుందని మేస్త్రీకి కబురు పెట్టేశాడు.

సోమవారం పరీక్షతో పాటు తనిఖీ కమిటీ కూడా వచ్చింది. ముగ్గురు సభ్యులు, ఒక ఛైర్మన్. పరీక్ష మార్కులు వేసే అధికారం కూడా ఆ ఛైర్మన్‌గారిదే. ఆయన వరండాలో కుర్చీ వేయించుకుని విదేశానుభవ రిజిస్టరు తిరగేశారు.

"అందరికీ ఒక్కొక్క నిమిషమే కనబడుతోంది. ఇది లోతైన అనుభవం అనిపించుకోదు. ఇలాగైతే కోర్సు కొనసాగింపుపై మేము పునరాలోచించవలసి వస్తుంది." పేజీ తిప్పి ఆగారు. "ఇదెవరు? పదకొండు గంటలు! ఈ అమ్మాయిని పిలవండి. ఏం నేర్చుకుందో చేసి చూపించమనండి."

ప్రిన్సిపాల్‌గారు మనసులో లెక్క వేసుకున్నారు. నిషేధం ఎత్తేస్తే బహిష్కరణ తప్పని ఒప్పుకున్నట్టు. బహిష్కరణ తప్పయితే ఎర్రముద్ర చెల్లదు. ఎర్రముద్ర చెల్లకపోతే పదకొండు గంటలూ చెల్లవు. కాలేజీ మొత్తానికి ఉన్న విదేశానుభవం ఆ నేరం ఒక్కటే. దాన్ని కాపాడుకోవాలంటే నేరస్తురాలిని లోపలికి రానివ్వకూడదు. రానివ్వకపోతే చూపించలేరు.

ఆయనా కామేశంగారూ స్తంభం చాటున చాలాసేపు గుసగుసలాడారు. కంప్యూటర్‌నే ఇవతలికి తెద్దామంటే అది ఎగుమతి అవుతుందని, ఎగుమతికి తీర్మానం లేదని కామేశంగారు అడ్డుకున్నారు.

పక్కన నీళ్ల గ్లాసులు కడుగుతున్న అసిరమ్మకు విసుగొచ్చింది. "ఆ బల్ల గీత కాడికి లాగితే సరిపోద్ది గదా బాబూ. పెట్టె అటేపుంటాది, పిల్ల ఇటేపుంటాది."

ఎవరూ ఆమె మాట విన్నట్టు కనబడలేదు. కాని రెండు నిమిషాల తర్వాత ప్రిన్సిపాల్‌గారికి అదే ఆలోచన స్వయంగా తట్టింది.

తొమ్మిదో నంబరు కంప్యూటర్‌ని బల్లతో సహా గుమ్మంలోంచి పసుపు గీత దాకా లాగారు. వైరు సరిపోయింది. గౌరీశ్వరికి గీతకు ఇవతల స్టూలు వేశారు. కామేశంగారు వంగి అడుగు స్కేలుతో కొలిచారు.

"స్టూలు స్వదేశంలో ఉంది. మనిషి స్వదేశంలో ఉంది. మీటలు విదేశంలో ఉన్నాయి." ఆయన ముఖం ముడుచుకుంది. "చేతులు మాత్రం మణికట్టు దాకా సరిహద్దు దాటుతున్నాయి."

"నిషేధం ఎవరి మీద?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

కామేశంగారు పాస్‌పోర్టు తెరిచి చూశారు. "మనిషి మీద."

"చేతుల్ని వేరే ప్రస్తావించారా?"

"లేదు."

"అయితే మొదలుపెట్టమ్మా."

గౌరీశ్వరి మొదలుపెట్టింది. తెర మీద పిల్లల పేర్లు రాగానే తెలియకుండానే మాట వచ్చింది. ఇదిగో ఈ పాపకి మూడో మోతాదు రెండు వారాలు ఆలస్యమైంది, ఇది ఎర్రగా చూపిస్తుంది. ఈ ఇద్దరు కవలలు, ఒకడికి వేశారు, రెండోవాడికి జ్వరమొచ్చి వెయ్యలేదు, వాడిని మర్చిపోకుండా ఇక్కడ గుర్తుచేస్తుంది. ఆ మాటలు వరండా అవతలి చివర దాకా వినబడ్డాయి. హేమసుందరి విసురుకోవడం మానేసి చూసింది.

ఛైర్మన్‌గారు తెర వంక చూడలేదు. స్టూలు వంకా, గీత వంకా, మళ్లీ స్టూలు వంకా చూస్తున్నారు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు.

"అద్భుతం! మనిషి ఇక్కడ, పని అక్కడ! తిండి ఇక్కడ, చాకిరీ అక్కడికి! ప్రపంచస్థాయి ఉద్యోగం అంటే అచ్చంగా ఇదే కదండీ! ఇంత స్పష్టంగా నేర్పుతున్న కళాశాలను నేను చూడలేదు. రాసుకోండి."

సభ్యులు రాసుకున్నారు. ఇకపై విద్యార్థులెవరూ విదేశంలోకి వెళ్లనక్కరలేదు. అందరూ వరండాలోనే కూర్చుని చేతులు మాత్రం పంపవలెను. చల్లదనం వృథా కాకుండా ల్యాబు తలుపులు మూసి ఉంచవలెను. చేతులు పట్టేందుకు గోడకు రంధ్రాలు చేయించేవరకు విద్యార్థులు కిటికీ గట్టు మీద మీటలున్నట్టు ఊహించుకొని సాధన చేయవలెను. కోర్సు మరో పదేళ్లు కొనసాగించవచ్చును.

చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్‌గారికి శాలువా కప్పారు. అందరూ భోజనాలకి లేవబోతుంటే గౌరీశ్వరి స్టూలు మీంచి లేవకుండా అంది:

"నా మార్కులు సార్."

ఈసారి మొదటిసారికే వినబడింది.

ఛైర్మన్‌గారు మార్కుల పత్రం తీశారు. అక్కడ మళ్లీ చిక్కు వచ్చింది. అభ్యర్థి పరీక్ష గదిలో హాజరై ఉండాలని నిబంధన. గది విదేశంలో ఉంది. అభ్యర్థి లేదు. కామేశంగారు నిబంధనల పుస్తకం తెప్పించారు. అది లైబ్రరీలోంచి బయటికి వచ్చిన మొదటి పుస్తకం. భోజనాలు చల్లారేదాకా చర్చించి, నిబంధన చెడకుండా, శ్రమ వృథా కాకుండా ఒక పత్రం రాసి, ముద్ర వేసి, గీత మీదుగా ఆమెకు అందించారు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వాళ్లయ్య అరుగు మీద ఉన్నాడు. అమ్మ అప్పుడే కార్ఖానా నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. పదహారేళ్లుగా జీడిపిక్కలు కొట్టిన చేతులు ఆమెవి. పిక్క నూనెకి వేళ్లు చివళ్ల దాకా నల్లబడి, ఎంత తోమినా అలాగే ఉంటాయి.

"ఏటయినాదే?" అన్నాడు వాళ్లయ్య.

గౌరీశ్వరి పత్రం చదివింది. "అభ్యర్థి చేతులు: హాజరు. చేతులు: ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణత. మిగిలిన అభ్యర్థి: నిషేధ కాలము ముగిసిన పిదప పరిశీలించబడును."

వాళ్లయ్య ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "అంటే పాసయినట్టా, తప్పినట్టా? మేస్త్రీకి రేపొస్తాదని మాటిచ్చీసినాను. ఇప్పుడాడికేటి సెప్పాల?"

అమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని వచ్చింది. కూతురి రెండు చేతులూ తీసుకుని, వెనక్కీ ముందుకీ తిప్పి, వెలుగులో పెట్టి చూసింది.

"సెప్పడానికేటుంది? మేస్త్రీకి కావలసినయి సేతులే. పదారేళ్లయి నా మొకం ఎలగుంటాదో ఆడికి తెలీదు." ఆ చేతుల్ని వదలకుండానే మొగుడి వైపు తిరిగింది. "దీని సేతులు పాసయిపోనాయి. ఇంకివ్వడానికి మన కాడ నేవని సెప్పు."